ఏటీఎం ముందు నిలబడ్డ మనిషి

(బ్యాంకు ఉద్యోగులు, వాణిజ్యశాస్త్ర విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఏటీఎంల గురించి ఖాతాదారులు ఏమనుకుంటారు, వాటిని ఎలా వాడతారు అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ అంశం మీద సర్వే చేయడం తేలికే. ప్రశ్నపత్రం పట్టుకుని వెళ్లి, "ఏటీఎం సేవలు మీకు తృప్తిగా ఉన్నాయా?" అని అడిగితే ఎక్కువమంది ఉన్నాయనే అంటారు. ఆ మాట రాసుకుని వచ్చేస్తాం. కానీ అదే మనిషి యంత్రం ముందు నిలబడ్డప్పుడు ఏం చేస్తున్నాడో కాస్త గమనించండి. ముందు బ్యాలెన్స్ చూస్తాడు. తర్వాత డబ్బు తీస్తాడు. అక్కడే లెక్కపెట్టుకుంటాడు. మళ్లీ బ్యాలెన్స్ చూస్తాడు. పోతూ పోతూ క్యాన్సిల్ బటన్ రెండు మూడుసార్లు నొక్కి, స్క్రీన్ మొదటికొచ్చిందో లేదో చూసుకుని గానీ కదలడు. ఫలానా మిషనే నాకు అచ్చొచ్చిందని, పక్కన ఖాళీగా ఇంకోటి ఉన్నా దాని దగ్గరికి పోనివాళ్లు కూడా ఉంటారు.

ఇవేవీ బ్యాంకు నేర్పిన పనులు కావు. మనం వీటిని చాదస్తం అంటాం, లేదంటే అవగాహన లేదంటాం. నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ అలవాట్లలో ప్రతిదాని వెనకా ఒక భయం ఉంది, ఆ భయానికి చాలాసార్లు సరైన కారణమే ఉంది. ఖాతాదారు యంత్రాన్ని అర్థం చేసుకోలేదని మనం అనుకుంటాం. అతను అర్థం చేసుకున్నాడు. ఏ క్షణంలో తన డబ్బు తన చేతిలోనూ ఉండదో, ఖాతాలోనూ ఉండదో అతనికి బాగా తెలుసు.

కొంచెం చరిత్రతో మొదలుపెడతాను. ఎక్కువ చెప్పను, యంత్రం ఎప్పుడు పుట్టిందనే దానికన్నా జనం దానికి ఎప్పుడు అలవాటుపడ్డారనేదే మనకు కావాలి.

1960ల మొదట్లో న్యూయార్క్‌లో లూథర్ సిమ్జియాన్ అనే ఆవిష్కర్త డబ్బు, చెక్కులు జమ చేసుకునే యంత్రాన్ని ఒక బ్యాంకులో పెట్టించాడు. ఆరు నెలల్లోనే దాన్ని తీసేశారు. యంత్రం పనిచేయక కాదు, జనం రాక. క్యాషియర్‌కి ముఖం చూపించడం ఇష్టంలేని కొద్దిమంది తప్ప దాన్ని ఎవరూ వాడలేదని ఆయనే తర్వాత రాసుకున్నాడు. కౌంటర్ దగ్గర మనిషి చేతికి డబ్బిస్తే ఆ మనిషి బాధ్యుడు. పెట్టెలో వేస్తే ఎవరు బాధ్యులు? ఆ ప్రశ్న అప్పుడే పుట్టింది.

తర్వాత 1967 జూన్ 27న లండన్ ఉత్తరాన ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు డబ్బిచ్చే యంత్రాన్ని ప్రారంభించింది. దాని వెనక ఉన్న జాన్ షెపర్డ్-బారన్ షిల్లాంగ్‌లో పుట్టిన మనిషి. దానికి ప్లాస్టిక్ కార్డు లేదు. కొద్దిపాటి కార్బన్-14 పూసిన కాగితం చీటీని యంత్రంలో పెట్టి, నంబరు నొక్కితే 10 పౌండ్లు వచ్చేవి. రహస్య నంబరు ఆరంకెలు ఉండాలని తను అనుకున్నాననీ, తన భార్య నాలుగంకెలకు మించి గుర్తుపెట్టుకోలేనని చెప్పడంతో నాలుగుకు దిగానని షెపర్డ్-బారన్ చెప్పేవాడు. కార్డునూ రహస్య నంబరునూ జతచేసే పద్ధతికి అంతకు ముందే, 1966లో, జేమ్స్ గుడ్‌ఫెలో అనే స్కాట్లండ్ ఇంజినీరు పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. ఎవరు ముందు అనే తగాదాలోకి నేను వెళ్లను. ఆ నాలుగంకెల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. బ్యాంకింగ్ రంగంలో ఒక కీలకమైన కొలతను ఒక మనిషి జ్ఞాపకశక్తి నిర్ణయించింది. యంత్రాన్ని మనిషికి తగ్గట్టు కుదించారు. ఇది మంచి మొదలు. తర్వాత చాలాచోట్ల ఈ పద్ధతిని మర్చిపోయారు.

జనం అలవాటు పడింది యంత్రం వచ్చిన చాలా ఏళ్లకు. సిటీబ్యాంక్ 1977లో న్యూయార్క్ నగరమంతా ఏటీఎంలు పెట్టింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చి నగరం స్తంభించింది. బ్యాంకులు మూతపడ్డాయి. అప్పుడు ఏటీఎంల వాడకం 20 శాతానికి పైగా పెరిగింది. ప్రకటనలు చేయలేని పని ఆ తుపాను చేసింది. ఎందుకు? కౌంటర్ మూసి ఉన్న రోజున యంత్రం డబ్బిచ్చింది. అవసరంలో ఆదుకుంటే మనిషి మీద ఎలా నమ్మకం కుదురుతుందో యంత్రం మీదా అలాగే కుదిరింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా అదే బ్యాంకు ఇచ్చింది. 1983లో ఖాతాలో 5,000 డాలర్లకన్నా తక్కువ ఉన్నవాళ్లు కౌంటర్‌కి రాకూడదు, యంత్రమే వాడాలని ఒక నిబంధన పెట్టింది. గొడవైంది, నిబంధన వెనక్కి పోయింది. అప్పటికి జనం ఏటీఎంని హాయిగా వాడుతున్నారు కదా, మరి ఎందుకు కోపం వచ్చింది? ఇష్టపడి వెళ్లినప్పుడు అది సౌకర్యం. "నీ స్థాయికి ఇదే" అని పంపితే అదే యంత్రం అవమానం. బ్యాంకు మేనేజర్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. చిన్న మొత్తం కోసం కౌంటర్‌కి వచ్చిన పెద్దాయన్ని "ఏటీఎంకి వెళ్లండి" అని కసిరి పంపినప్పుడు ఆయనకు యంత్రం మీద కలిగే అభిప్రాయం ఆ కసురులోంచే వస్తుంది.

ఇక సిద్ధాంతం. విద్యార్థులకు ఫ్రెడ్ డేవిస్ పేరు తెలిసే ఉంటుంది. కొత్త సాంకేతికతను జనం వాడతారా లేదా అన్నది రెండింటి మీద ఆధారపడుతుందని ఆయన 1989లో ప్రతిపాదించాడు. ఇది నాకు పనికొస్తుందని అనిపించాలి, ఇది వాడటం తేలికని అనిపించాలి. గమనించండి, 'అనిపించాలి'. పనికిరావడం వేరు, పనికొస్తుందని అనిపించడం వేరు. ఏటీఎం విషయంలో చాలామంది పరిశోధకులు దీనికి మూడోది కలిపారు, అది ప్రమాదం ఉందనే భావన. నా దృష్టిలో మొదటి రెండూ ఎప్పుడో తేలిపోయాయి. డబ్బు తీసుకోవడానికి ఏటీఎం పనికొస్తుందా అని ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు మిగిలింది మూడోదే.

ఆ 'అనిపించడం' గురించి నాకు ఎంతో ఇష్టమైన పరిశోధన ఒకటుంది. 1995లో జపాన్‌లో హిటాచీ డిజైన్ సెంటర్‌కి చెందిన కురోసు, కషిమురా అనే ఇద్దరు ఏటీఎం స్క్రీన్ అమరికలు 26 రకాలు తయారుచేశారు. పని అదే, బటన్లు అవే. వాటిని అమర్చిన తీరు మాత్రం వేరు. 252 మందికి చూపించి రెండు విషయాలు అడిగారు. ఇది వాడటానికి ఎంత తేలికగా ఉంటుంది? ఇది చూడటానికి ఎంత అందంగా ఉంది? నిజంగా తేలికగా ఉన్న అమరికకే జనం తేలికన్న మార్కు వేస్తారని మనం అనుకుంటాం. ఫలితం అలా లేదు. వాడకంలో ఉన్న అసలు సౌలభ్యం కన్నా, చూడ్డానికి ఉన్న అందమే 'ఇది తేలిక' అనే భావనతో ఎక్కువగా ముడిపడి ఉంది.

ఇజ్రాయెల్‌లో నోమ్ ట్రాక్టిన్‌స్కీ అనే పరిశోధకుడు దీన్ని పూర్తిగా నమ్మలేదు. సౌందర్యానికి జపాన్‌వాళ్లు అంత విలువిస్తారు గనక అక్కడ అలా వచ్చింది, మా దగ్గర ఇంత సంబంధం ఉండదు అనుకుని మళ్లీ చేశాడు. అక్కడ సంబంధం ఇంకా బలంగా తేలింది. 1997లో ఆ ఫలితాలు ప్రచురించాడు.

దీన్నిబట్టి స్క్రీన్‌కి రంగులు పూయమని నేను అనడం లేదు. నేను గ్రహించింది వేరు. గీతలు పడ్డ స్క్రీన్, నేలంతా చిందరవందరగా పడున్న స్లిప్పులు, మిణుకుమిణుకుమంటున్న లైటు, అంకెలు అరిగిపోయిన కీప్యాడ్, ఇవన్నీ చూశాక లోపలికొచ్చిన మనిషికి "ఈ మిషన్ నా డబ్బు మింగేస్తుందేమో" అనిపిస్తుంది. లోపలి లెక్కలు ఎంత పక్కాగా ఉన్నా అతనికి అవి కనబడవు. కనిపించేది చూసి కనిపించనిది అంచనా వేస్తాడు. ఎవరైనా చేసేది అదే. గది శుభ్రంగా ఉంచడం హౌస్‌కీపింగ్ పద్దు కింద రాసుకునే ఖర్చు అనుకుంటారు. అది నమ్మకం మీద పెట్టే ఖర్చు.

చిన్న చిన్న వస్తువుల్లో కూడా ఇదే. స్క్రీన్‌కి రెండువైపులా బటన్లుండే మిషన్లు చూసే ఉంటారు. స్క్రీన్ లోపలికి ఉంటుంది, దాని ముందు మందపాటి అద్దం ఉంటుంది. పొడుగు మనిషి పైనుంచి చూస్తాడు గనక అక్షరాలు కాస్త పైకి జరిగినట్టు, పై బటన్‌కి ఎదురుగా ఉన్నట్టు కనబడతాయి. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి అవి కింది బటన్‌కి ఎదురుగా కనబడతాయి. 'విత్‌డ్రా' అనుకుని నొక్కితే ఇంకేదో తెరుచుకుంటుంది. ఆ మనిషి "నాకు రాదు" అనుకుంటాడు. రానిది అతనికి కాదు.

ఇప్పుడు కార్డు మర్చిపోవడం గురించి. పాత మిషన్లలో ముందు డబ్బు వచ్చేది, తర్వాత కార్డు. జనం డబ్బు తీసుకుని, కార్డు అందులోనే వదిలేసి వెళ్లిపోయేవాళ్లు. ఇది మతిమరుపు కాదు. మనస్తత్వ శాస్త్రంలో దీని మీద చాలా పని జరిగింది. మనిషి ఒక లక్ష్యం పెట్టుకుని వస్తాడు. ఇక్కడ లక్ష్యం డబ్బు. అది చేతికి అందగానే మెదడు ఆ పనిని ముగిసిన ఖాతాలో వేసేస్తుంది. ఆ తర్వాత ఏ చిన్న పని మిగిలినా జారిపోతుంది. చాలా దేశాల్లో వరుస మార్చి, ముందు కార్డు తీసుకుంటేనే డబ్బు వచ్చేలా చేశారు. బోర్డు అంటించలేదు, "జాగ్రత్త" అని హెచ్చరించలేదు. వరుస మార్చారంతే. కార్డు లోపలికి పెట్టి వెంటనే బయటికి తీసేసే మిషన్లు, కార్డు తాకిస్తే చాలనే మిషన్లు కూడా ఈ సమస్యను అలాగే తప్పించాయి. వాడేవాళ్లు పదేపదే ఒకే తప్పు చేస్తున్నారంటే అది రూపకల్పనలో తప్పని ఒప్పుకుంటే ఇంత చక్కటి పరిష్కారాలు దొరుకుతాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏటీఎం అనగానే ఖాతాదారుకి ఉండే పెద్ద భయం ఏమిటి? "డబ్బు రాలేదు, ఖాతాలో మాత్రం కట్ అయింది." కౌంటర్లో కూర్చున్నవాళ్లు ఈ వాక్యం ఎన్నిసార్లు విని ఉంటారో! ఇది ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం.

మీరు మొత్తం నొక్కి, పిన్ కొట్టారు. ఆ పిన్ కీప్యాడ్‌లోనే గుప్త సంకేతంగా మారుతుంది. మిషన్ ఆ అభ్యర్థనను స్విచ్‌కి, అంటే ఏటీఎంలనూ బ్యాంకులనూ కలిపే కంప్యూటర్‌కి, పంపుతుంది, స్విచ్ మీ బ్యాంకుకి పంపుతుంది. మీ బ్యాంకు బ్యాలెన్స్ చూసి, ఖాతాలోంచి ఆ మొత్తం తగ్గించి, "ఇవ్వచ్చు" అని తిరిగి కబురు పెడుతుంది. జాగ్రత్తగా వినండి, తగ్గించడం ముందు, ఇవ్వడం తర్వాత. అలా కాకపోతే ఒకే ఖాతా మీద రెండు చోట్ల ఒకేసారి డబ్బు తీయొచ్చు. కాబట్టి ఈ వరుస సరైనదే. కానీ ఆ కబురుకీ, నోట్లు బయటికి రావడానికీ మధ్య కొన్ని సెకన్లున్నాయి. మనం మాట్లాడుకుంటున్న భయమంతా ఆ కొన్ని సెకన్లలో ఉంది.

ఆ సెకన్లలో కింద ఉన్న సేఫ్‌లో క్యాసెట్ల నుంచి, అంటే నోట్లు పేర్చిన పెట్టెల నుంచి, నోట్లు ఒక్కొక్కటిగా లేస్తాయి. రెండు నోట్లు అతుక్కుని వచ్చాయేమో అని సెన్సర్ ప్రతి నోటు మందం చూస్తుంది. అనుమానం వస్తే ఆ నోటును పక్కనున్న రిజెక్ట్ పెట్టెలో పడేసి ఇంకోటి తీస్తుంది. అన్నీ ఒక కట్టగా పేర్చి షటర్ దగ్గరికి తెస్తుంది. మీకు లోపల్నుంచి వినబడే టకటక శబ్దం ఇదే. నలిగిన నోటు ఒకటి ఇరుక్కుంటే అక్కడ ఆగిపోతుంది. అప్పుడు మిషన్ "ఇవ్వలేదు" అని కబురు పెట్టాలి, బ్యాంకు తగ్గించిన మొత్తాన్ని తిరిగి జమ చేయాలి. దీన్నే రివర్సల్ అంటారు. లైను బాగుంటే ఇది నిమిషాల్లో అయిపోతుంది. లైను తెగిపోతే, కరెంటు పోతే, ఆ కబురు ఆలస్యమవుతుంది, లేదా అసలు చేరదు. అప్పుడు మిషన్ జర్నల్‌లో, అంటే అది తనకు తాను రాసుకునే చిట్టాలో, ఏముంది, స్విచ్ రికార్డులో ఏముంది, బ్యాంకు ఖాతాలో ఏముంది, క్యాసెట్లలో నోట్లు లెక్కకన్నా ఎక్కువ మిగిలాయా అని సరిచూసేదాకా ఆ డబ్బు ఎవరిదీ కాకుండా వేలాడుతుంది.

మనకు ఇది 'రికన్సిలియేషన్'. అతనికి ఇది అద్దె కట్టాల్సిన డబ్బు. మన దగ్గర నాలుగు రికార్డులున్నాయి. అతని దగ్గర ఒక్కటి, ఆ స్లిప్. దాని మీద అక్షరాలు సరిగ్గా పడకపోతే అదీ లేదు. మళ్లీ బ్యాలెన్స్ చూడటం, స్లిప్ మడిచి జేబులో దాచుకోవడం, ఎస్‌ఎంఎస్ వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడటం, ఇవన్నీ తనకంటూ ఒక సాక్ష్యం పోగుచేసుకోవడమే. దాన్ని చాదస్తం అనడానికి నాకు నోరు రాదు.

డబ్బు ఇరుక్కున్న క్షణంలో స్క్రీన్ మీద ఏం రాస్తారు? చాలా మిషన్లలో "లావాదేవీ పూర్తికాలేదు" అని వస్తుంది. అంతే. ఖాతాలోంచి డబ్బు పోయిందా లేదా? వస్తే ఎప్పుడు వస్తుంది? రాకపోతే ఎవరిని అడగాలి? ఏ నంబరు చెప్పాలి? భయంతో చెమటలు పడుతున్న మనిషికి ఈ నాలుగింటికీ జవాబు అక్కడే కావాలి. వేచి ఉండటం గురించి డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లో రాసిన విషయాల్లో ఒకటి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసిన నిరీక్షణ కన్నా ఎక్కువ సాగినట్టనిపిస్తుంది. 'ఫలానా రోజులోగా జమ అవుతుంది' అని కచ్చితమైన గడువు రాస్తే అతను ఇంటికెళ్లి నిద్రపోతాడు. గడువు లేని "త్వరలో" చూస్తే తెల్లారేదాకా టెన్షన్.

ఈ భయానికి ఇంకో రూపం ఉంది. నేను తీయని డబ్బు నా ఖాతాలోంచి పోయింది, అప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు? 1980లో న్యూయార్క్‌లో ఒకామె ఇలాగే కోర్టుకి వెళ్లింది. డబ్బు తీసినట్టు కంప్యూటర్ కాగితం చూపిస్తున్న సమయంలో ఆమె ఆఫీసులో పనిలో ఉంది. యజమాని ఇచ్చిన ఉత్తరం చూపించింది. ఒకవైపు యంత్రం, ఒకవైపు మనిషి, ఎవరిని నమ్మాలనేదే ప్రశ్న అయింది. న్యాయమూర్తి మనిషిని నమ్మారు.

బ్రిటన్‌లో దీనికి పూర్తిగా భిన్నమైన సంఘటన జరిగింది. 1992లో ఒక పోలీసు కానిస్టేబుల్ తన ఖాతాలోంచి తనకు తెలియకుండా డబ్బు పోయిందని ఫిర్యాదు చేశాడు. మా వ్యవస్థలో పొరపాటుకి తావు లేదు కాబట్టి ఇతనే అబద్ధమాడుతున్నాడని అతని ఖాతా ఉన్న సంస్థ అంది. ఫిర్యాదు చేసినందుకు అతని మీదే మోసం కేసు పెట్టారు. 1994లో శిక్ష కూడా పడింది. అప్పీల్‌కి వెళ్తే, ఆ కంప్యూటర్ వ్యవస్థను పరీక్షించడానికి అతని తరఫు నిపుణులను అనుమతించలేదు. చివరికి 1996లో కోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఆ కేసులో నిపుణుడిగా నిలబడ్డ కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త రాస్ ఆండర్సన్, ఏటీఎం మోసాల్లో ఎక్కువ భాగం గొప్ప గణిత విద్యతో గుప్త సంకేతాలు ఛేదించి చేసినవి కావని, అమలులో లోపాలు, లోపలివాళ్ల చేతివాటం, నిర్వహణలో నిర్లక్ష్యం వల్ల జరిగినవేనని 1993లోనే చూపించారు.

"మా యంత్రం తప్పు చేయదు" అనే మాట బ్యాంకుకి ధైర్యం. ఖాతాదారుకి అదే పెద్ద బెదిరింపు. దయచేసి ఆ మాట కౌంటర్లో వాడకండి. "చూస్తాం, రాసుకుంటాం, ఫలానా రోజుకి చెబుతాం" అనండి.

పిన్ సంగతి. పిన్ ఎవరికీ చెప్పొద్దు, ఎక్కడా రాయొద్దు, పుట్టినరోజు పెట్టొద్దు అని చెబుతూనే ఉంటాం. ఒక్కో మనిషికి ఎన్ని కార్డులు, ఎన్ని పాస్‌వర్డులు? 2012లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు లెక్కవేసి చెప్పింది వినండి. పుట్టినతేదీ ఉన్న గుర్తింపు కార్డుతో సహా పర్సు దొంగ చేతికి దొరికితే, అతను తెలివిగా ఊహిస్తూ పోతే, సుమారు 11 నుంచి 18 పర్సుల్లో ఒకదాంట్లో కార్డు పనిచేసే పిన్ అతనికి దొరుకుతుంది. 1234 లాంటి పిన్‌లను బ్యాంకు ముందే తిరస్కరిస్తుందా లేదా అనేదాన్నిబట్టి ఆ అంకె మారుతుంది. అంటే ఇక్కడ కూడా ఉపదేశం కన్నా బ్యాంకు తన వైపు పెట్టిన చిన్న అడ్డే బాగా పనిచేసింది.

ఇంకో సంగతి, చాలామంది పిన్‌ని అంకెలుగా గుర్తుపెట్టుకోరు. వేలి కదలికగా గుర్తుపెట్టుకుంటారు. పై వరుసలో మొదలై కిందికి, మళ్లీ పక్కకి. వాళ్లని పిన్ అడిగితే గాల్లో వేలు ఆడించి గానీ చెప్పలేరు. ఏటీఎం కీప్యాడ్‌లో 1 పై వరుసలో ఉంటుంది, ఫోన్‌లో లాగా. క్యాలిక్యులేటర్‌లో 7 పైన ఉంటుంది. ఈ అమరిక మార్చినా, అంకెల చోట్లు తారుమారు చేసే టచ్ స్క్రీన్ పెట్టినా వాళ్ల చేయి ఆగిపోతుంది. వెనక క్యూ ఉంటే ఇంకా కంగారు. మూడుసార్లు తప్పు కొట్టి కార్డు బ్లాక్ చేయించుకున్నవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు.

పుకార్ల గురించి కూడా చెప్పాలి. దొంగ బెదిరిస్తే పిన్ వెనకనుంచి కొట్టండి, పోలీసులకి కబురు వెళ్తుంది అనే సందేశం మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అది నిజం కాదు. అలాంటి పద్ధతికి పేటెంట్ ఉంది గానీ, అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏ ఏటీఎంలోనూ దాన్ని పెట్టలేదు. అయినా 7117 అని పిన్ పెట్టుకున్నవాళ్లు వెనకనుంచి కొడితే ఏమవుతుంది? అదే నంబరు. అలాగే కార్డు పెట్టే ముందు క్యాన్సిల్ రెండుసార్లు నొక్కితే పిన్ దొంగలించలేరనేది ఇంకో సందేశం. కార్డు పెట్టే చోట దొంగలు తగిలించే, కార్డు వివరాలు కాపీ చేసే స్కిమ్మర్‌కీ, కీప్యాడ్ మీద గురిపెట్టిన చిన్న కెమెరాకీ మీ క్యాన్సిల్ బటన్‌తో సంబంధమే లేదు. రెండో చేత్తో కీప్యాడ్‌ని కప్పుకోండి, అది పనిచేస్తుంది. ఈ సందేశాలు ఎందుకింత వేగంగా తిరుగుతాయని ఆలోచిస్తే, భయపడ్డ మనిషికి చేతికి ఏదో ఒక పని కావాలి. అసలు పని మనం చెప్పకపోతే ఎవరో ఒకరు ఉత్తుత్తి పని చెబుతారు.

ఎంత తీస్తారు, ఎన్నిసార్లు తీస్తారు అనేదాన్ని ఆర్థికశాస్త్రం ఎప్పుడో లెక్కకట్టింది. 1952లో విలియం బామోల్ చెప్పిన సూత్రం ప్రకారం, బ్యాంకుకి వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు తగ్గితే మనిషి తక్కువ మొత్తం ఎక్కువసార్లు తీస్తాడు. ఏటీఎం దగ్గరికొస్తే అలాగే జరగాలి. కానీ కొందరు నెల మొదట్లో ఒకేసారి మొత్తం లాగేసి ఇంట్లో పెట్టుకుంటారు. మిషన్ పక్కనే ఉన్నా సరే. వాళ్ల లెక్కలో వెళ్లిరావడానికి అయ్యే ఖర్చంటే నడక ఒక్కటే కాదు. ఇరుక్కుంటుందేమో, లోపల డబ్బు లేదంటుందేమో, ఇంకోసారి వస్తే ఛార్జీ పడుతుందేమో, ఇవన్నీ కలిపి లెక్కేసుకుంటారు. మన సొమ్ము మనం తీసుకోవడానికి మళ్లీ రుసుమా అనే బాధ, ఆ రుసుము ఎంత చిన్నదైనా, పెద్దగానే ఉంటుంది.

యంత్రం ఎవరితో అసలు మాట్లాడదో వాళ్ల గురించి చెప్పకపోతే నా ప్రసంగం అన్యాయమవుతుంది. చూపు లేనివాళ్ల కోసం మాట్లాడే ఏటీఎం మొదట 1997లో కెనడాలో వచ్చింది, రాయల్ బ్యాంక్ ఆఫ్ కెనడా ఒటావాలో పెట్టింది. ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ యంత్రం వచ్చిన 30 ఏళ్లకి. కీప్యాడ్‌లో 5 మీద చిన్న చుక్క ఉంటుంది, వేలితో తడిమితే తగులుతుంది. దాన్ని పట్టుకుని మిగతా అంకెలు లెక్కించుకుంటారు. కానీ స్క్రీన్ ఏమంటోందో చెప్పే గొంతు లేకపోతే ఆ చుక్క ఎక్కడిదాకా తీసుకెళ్తుంది? ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉన్నా, అందులో శబ్దం వస్తోందా అని ఎప్పుడైనా పరీక్షించారా? మీ బ్రాంచి మిషన్‌లో రేపే చూడండి.

చదవలేనివాళ్లు, చేతులు వణికే పెద్దవాళ్లు పక్కవాళ్ల సాయం అడుగుతారు. కార్డు ఇస్తారు, పిన్ చెబుతారు. మనం పిన్ చెప్పొద్దని పోస్టర్ అంటిస్తాం. చదవలేని మనిషికి పోస్టర్! పైగా అతను పిన్ చెప్పింది తెలియక కాదు, ఇంకో దారి లేక. ప్రతి పది సెకన్లకీ "ఇంకా సమయం కావాలా" అని అడిగి బయటికి నెట్టేసే స్క్రీన్ ముందు నిలబడి చదువుకోలేక. ఆ సమయం కాస్త పెంచితే, మొదటి స్క్రీన్ మీద భాషతో పాటు పెద్ద అక్షరాల ఎంపిక ఇస్తే, కొంతమంది అయినా తమ పిన్ తమ దగ్గరే ఉంచుకుంటారు.

నా మాటలు ఇంతటితో ఆపి, మీ ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక ఉద్యోగి: ఏటీఎంలు వచ్చి కౌంటర్ ఉద్యోగాలు పోయాయంటారు. మీరేమంటారు?)

అమెరికా లెక్కలు చెబుతాను. ఆర్థికవేత్త జేమ్స్ బెసెన్ చూపించిన ప్రకారం 1988, 2004 మధ్య పట్టణ బ్రాంచిలో టెల్లర్ల, అంటే కౌంటర్ ఉద్యోగుల, సగటు సంఖ్య 20 నుంచి 13కి తగ్గింది. బ్రాంచి నడపడం చవకైంది గనక పట్టణ బ్రాంచిల సంఖ్య 43 శాతం పెరిగింది. అందువల్ల మొత్తం టెల్లర్లు తగ్గలేదు. నోట్లు లెక్కపెట్టే పని తగ్గి, ఖాతాదారుతో మాట్లాడే పని పెరిగింది. ఏటీఎం ఒక్కదాన్ని చూస్తే ఇదీ కథ. ఆ తర్వాత ఫోన్లు తెచ్చిన మార్పు వేరు, రెండింటినీ ఒకటిగా కలపకూడదు.

(మరో ప్రశ్న: అందరూ ఫోన్‌తోనే చెల్లిస్తున్నప్పుడు ఇంకా ఏటీఎం మీద ఇంత దృష్టి అవసరమా?)

అవసరం ఇంకా పెరిగిందని నేననుకుంటాను. ఫోన్‌తో సరిపెట్టుకోగలిగినవాళ్లు ఏటీఎంని వదిలేశారు. ఇప్పటికీ వచ్చేవాళ్లలో నగదు తప్ప వేరే దారి లేనివాళ్ల వాటా పెరుగుతోంది. వాడకం తగ్గిందని మిషన్లు తీసేస్తే మిగిలిన మిషన్ దూరమవుతుంది. అంత దూరం వచ్చాక 'అవుట్ ఆఫ్ సర్వీస్' చూస్తే ఆ రోజు పని పోయినట్టే. ఇంకోటి, డబ్బు పోయింది అవతలికి చేరలేదు అనే ఫిర్యాదు ఫోన్ చెల్లింపుల్లోనూ ఉంది. ఏటీఎం దగ్గర ఆ సెకన్లని సరిగ్గా చూసుకోవడం నేర్చుకోని బ్యాంకు ఫోన్‌లో మాత్రం ఎలా చూసుకుంటుంది?

(ఒక విద్యార్థిని: నా ప్రాజెక్టు ఇదే అంశం మీద. ప్రశ్నపత్రంలో ఏం అడగమంటారు?)

చాలా మంచి ప్రశ్నమ్మా. "తృప్తిగా ఉన్నారా" అనేది తీసెయ్యండి, లేదా చివర్లో పెట్టండి. "చివరిసారి డబ్బు రాకపోతే ఏం చేశారు, ఎవరికి చెప్పారు, ఎన్నాళ్లకు వచ్చింది" అని అడగండి. మనుషులకు అభిప్రాయాలకన్నా జరిగినవి బాగా గుర్తుంటాయి. స్లిప్ తీసుకుంటారా, తీసుకుంటే ఎందుకు, ఎన్నాళ్లు దాస్తారు అని అడగండి. ఏటీఎం గదిలో కలిసినవాళ్లనే అడిగితే వాడేవాళ్లే దొరుకుతారు. కౌంటర్ దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లని, కార్డు ఉన్నా పిల్లల చేతికిచ్చి పంపేవాళ్లని కూడా కలవండి. వాళ్ల జవాబులే మీ ప్రాజెక్టుకి బలం. గమనించడానికి వెళ్తే మాత్రం బ్యాంకు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, కీప్యాడ్ కనబడనంత దూరంలో, అందరికీ మీరు కనబడేలా, మెడలో గుర్తింపు కార్డుతో నిలబడండి. అక్కడికి వచ్చినవాళ్లకి మీ వల్ల ఇంకో భయం కలగకూడదు కదా.